ఏ డబ్బాలో ఏముంది

పొద్దున్నే వడ్రంగి వచ్చి వార్నిష్ సీసా తిరిగిచ్చాడు. "ఏమనుకోకండి పెద్దాయనా, ఎన్నాళ్లైనా బల్ల ఆరట్లేదు. చెయ్యి పెడితే అంటుకుంటోంది."

పెద్దాయన సీసా అందుకున్నాడు. ఆయన వార్నిష్ పూస్తే పాత చెక్క కూడా తళతళలాడుతుందని పేరు. దాని తయారీ మాత్రం కన్నకూతురికి కూడా చెప్పలేదు. వెనక గదిలో గడియ పెట్టుకుని కాచేవాడు. ఎవరైనా దొంగచాటుగా దూరినా ఏమీ అంతు పట్టకూడదని డబ్బాల మీద కావాలనే తప్పుడు పేర్లు రాసేవాడు. మైనం అని రాసిన దాంట్లో మైనం తప్ప ఇంకేదైనా ఉండొచ్చు. అంత తెలివి మరి! భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడేది కుక్కర్ కూత ఒక్కటే.

మధ్యాహ్నం వచ్చిన కూతురికి సీసా కనబడనే కనబడింది. వడ్రంగి అన్న మాట చెప్పక తప్పలేదు.

"పేటెంట్ తీసుకోమని అప్పుడే మొత్తుకున్నాను కదా నాన్నా. తయారీ అంతా కాగితం మీద ఉండేది."

"తీసుకోవాలంటే తయారీ అంతా బయటపెట్టాలి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది అందరి సొత్తు. అదే నోరు మూసుకుంటే నూరేళ్లైనా మనదే."

"మనదా? నీది! అమ్మకి చెప్పావా, నాకు చెప్పావా?" కూతురి గొంతు లేచింది. "పోనీ, ఇవాళైనా చెప్పు. ఏ డబ్బాలో ఏముంది?"

పెద్దాయన డబ్బాలున్న అల్మరా వంక తిరిగాడు.

"చెప్పవన్నమాట."

"చెప్పకూడదని కాదమ్మా. గుర్తు రావట్లేదు. నెలల తరబడి ఊహించే కలుపుతున్నాను. ఎవర్ని అడగను? తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే."

ఆ మాట బయటపడ్డాక ఆయనకి సిగ్గేసింది, భయమూ వేసింది. కూతురి కోపం ఎటు పోయిందో, అల్మరా ముందు నేల మీద కూలబడి ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూడసాగింది. ఒకదాని దగ్గర ఆగిపోయింది.

"ఇదే నాన్నా. చిన్నప్పుడు నువ్వు గదిలోంచి బయటికొచ్చి ఎత్తుకుంటే నీ చొక్కా అంతా ఈ వాసనే. అలాగే నీ భుజం మీద నిద్రపోయేదాన్ని."

పెద్దాయన చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "గుగ్గిలం," అన్నాడు. "మొదట కరగాల్సింది ఇదే." అని భోరుమన్నాడు.

"ఊరుకో నాన్నా."

"నన్ను ఏడవనీ, నువ్వు మాత్రం విను తల్లీ. తర్వాత ఏం వెయ్యాలో ఇప్పుడే తట్టింది. మళ్లీ మర్చిపోకముందే చెప్పేస్తాను."

కూతురు ఆయన పక్కకి జరిగింది.