చివరి చోటులో కరెంటు తాగే ఓర్విన్

అరిజోనా ఎడారిలో, బళ్ళలోనే కాపురముండేవాళ్ళ మకాంలో, కొండవార చివరి చోటుంది చూశారూ... అక్కడ తెలిసినవాళ్ళెవరూ బండి ఆపరు. ఆపితే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ. ఆ చోటులోనే చలికి బిగుసుకుపోయి చచ్చిన ముసలి ఓర్విన్, దెయ్యమై వెచ్చదనం కోసం ఇంకా తిరుగుతున్నాడట. కరెంటు తాగుతాడట.

వెర్నా నమ్మలేదు. ఇంకెక్కడా చోటు దొరక్క తన పాత మోటర్‌హోమ్‌ని అక్కడే ఆపింది.

వరసగా రెండు రాత్రులు బ్యాటరీ చచ్చింది, హీటర్ ఆగింది, పళ్ళు టకటకలాడాయి.

"ఇంకొక్కసారి వణికావంటే బండి అమ్మించేస్తా. వచ్చి నా వెనకగదిలో పడుండు," అంది అక్క ఐలీన్ ఫోన్‌లో. ఊ అనక తప్పలేదు.

వెర్నాకి ఓర్విన్ కన్నా ఆ వెనకగదంటేనే భయం.

చీకటి పడగానే పక్క బండి డ్వేన్‌ని పిలిచింది. లోపల అన్నీ ఆపేసి, బ్యాటరీ తీగ ఒకటి విప్పి, తీగకీ బ్యాటరీకీ మధ్యలో, కరెంటు పారితే వెలిగే టెస్ట్ లైటు పెట్టింది.

అన్నీ ఆపినా... వెలిగింది. ఎవరో తాగుతున్నారు!

"ఓర్వినే," డ్వేన్ గొణిగాడు.

"నోర్ముయ్. ఫ్యూజులు ఒక్కోటే పీకు."

ఒకటి పీకాడు — వెలుగుతూనే ఉంది. ఇంకోటి... ఇంకోటి... మంచం కింద సామాన్ల అర ఫ్యూజు పీకగానే — టక్కున ఆరింది.

అన్నీ మళ్ళీ బిగించి, బయటికెళ్ళి, బండి పక్కనుంచి తెరుచుకునే ఆ అర తలుపు తీశారు. లోపల బల్బు వెలుగుతోంది.

"తీస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. ఫ్రిజ్‌లో లాగే కదా," అన్నాడు డ్వేన్.

"ఆరడం నువ్వు చూశావా?"



వెర్నా మడతకుర్చీలు బయటికి లాగి, తనే లోపలికి దూరింది. "మూసెయ్."

"దెయ్యం పక్కన పడుకోబెట్టి తలుపేశానంటే మీ అక్క నన్ను బతకనివ్వదు."

"మూసెయ్యవయ్యా!"

తలుపు పడింది. చీకటవ్వాలి... అవలేదు. బల్బు నిక్షేపంలా వెలుగుతోంది!

"దొరికాడు నీ ఓర్విన్!" లోపలినుంచి నవ్వు. "బల్బునార్పే తలుపు మీట అరిగిపోయిందిరా నాయనా!"

బల్బు పీకి కోటు జేబులో వేసుకుంది. మళ్ళీ టెస్ట్ లైటు పెట్టి చూస్తే, ఈసారి వెలగలేదు. డ్వేన్ ఆవులిస్తూ వెళ్ళిపోయాడు. తెల్లారేదాకా హీటర్ బుస్సుమంటూనే ఉంది.

పొద్దున్నే అక్కకి ఫోన్ చేసింది. "నీ వెనకగదిలో ఉల్లిపాయలు పోసుకో. నేను రావట్లేదు."

కోటు తొడుక్కుని, ఫోన్ జేబులో వెయ్యబోయి ఆగింది. జేబు... వెచ్చగా ఉంది.

తీసి చూస్తే — అరచేతిలో బల్బు. తీగ లేదు. బ్యాటరీ లేదు. వెలుగుతోంది.

 వెర్నా దాన్ని తలగడ పక్కన పెట్టి, మెల్లగా అంది:

"సొంత కరెంటు ఉంచుకుని నాది తాగావటయ్యా ఓర్విన్? ఉంటే ఉండు. రాత్రిళ్ళు నేను చదువుకోడానికి దీపం మాత్రం నువ్వే పట్టాలి."

బల్బు సిగ్గుపడ్డట్టు కొంచెం మసకబారింది.