ఏర్పరచుకున్నవాళ్ళు

శనివారం పొద్దున జక్రయ్య ఇంట్లో పొయ్యి వెలగదు. ముందురోజు పొద్దుగుంకకముందే అతని భార్య దేవకుమారి అన్నం, పప్పుచారు వండి మూత పెట్టేస్తుంది. నాలుగేళ్ళుగా అదే పద్ధతి. గుంటూరుకి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి చివరి పేటలో దాదాపు అందరూ ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే. పన్నెండు కుటుంబాలు మాత్రం తమ పూర్వీకులు ఇశ్రాయేలీయులని నమ్మి, యూదుల ఆచారాలు పట్టుకున్నాయి. జక్రయ్యది అందులో ఒకటి.

దేవుడు ఏర్పరచుకున్న జనం. ఆ మాట మొదటిసారి విన్నరోజు జక్రయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళచేత 'దూరం, దూరం' అనిపించుకున్న మనిషిని దేవుడే దగ్గరికి పిలిచాడంటే మాటలా!

రెండువేల మూడు ఫిబ్రవరిలో ఒక శనివారం అతను వసారాలో ప్రార్థన చదువుకుంటున్నాడు. పక్కన తల్లి సువార్తమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది. అన్న మరియదాసు రొప్పుతూ వచ్చాడు.

"ఒరేయ్ జక్రీ, మబ్బు చూశావా? ఎకరంనర మిరపకాయ కల్లంలో ఆరబోసున్నా. కూలోళ్ళు ఒక్కళ్ళూ దొరకలేదు. మీరిద్దరూ వస్తే గబగబా పోగుచేసి పట్టలు కప్పేద్దాం."

"ఇయ్యాళ శనివారం అన్నయ్యా. పని ముట్టకూడదు."

"నాకు తెలవదా? ఆ సంగతి వానకి తెలవద్దూ!"

దేవకుమారి నవ్వు ఆపుకుంటూ మంచినీళ్ళు తేబోయింది. జక్రయ్య ఆమెను ఆపి, గూట్లో విడిగా బోర్లించిన సత్తుగ్లాసు చూపించాడు. "అందులో పోసియ్యి."

మరియదాసు ముఖం మాడిపోయింది. "అదేందిరా? నాకు వేరే గ్లాసా?"

"మీ ఇంట్లో పందిమాంసం వండుతారు. మా గిన్నెలు వేరు. మేం దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళం, కలిపేసుకోకూడదు."

"మరి నేనెవర్నిరా? ఒక్క కడుపున పుట్టి, ఒక్క కంచంలో తిన్నాం. నిన్ను ఏర్పరచుకున్నవాడు నన్ను గిరాటేశాడా?"

"నమ్మనోళ్ళకి చెప్పినా అర్థం కాదు."

"అర్థమైందిరా! బాగానే అర్థమైంది. వాన వచ్చి కాయంతా కుళ్ళినా మళ్ళీ నీ గడప తొక్కితే చెప్పుచ్చుకు కొట్టు!" నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ కొడుకువైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దగా లేదు.

"నీకు ఆరేళ్ళప్పుడు మోతుబరి ఇంట్లో దాహమేసి కుండ ముట్టుకున్నావు. వాళ్ళు ములుగర్ర ఎత్తితే మీ అన్న నీమీద బోర్లా పడ్డాడు. ఆ దెబ్బ వాడి వీపు మీద ఇంకా ఉంది. ఆరోజు మనకి దోసిట్లో నీళ్ళు పోశారే, వాళ్ళు కూడా ఇదే మాట అనేవాళ్ళురా. మీరు వేరు, మేము వేరు అని."

"దానికీ దీనికీ పోలికేందమ్మా! ఇది దేవుడి ఆజ్ఞ."

"వాళ్ళూ దేవుడి పేరే చెప్పారు."

మధ్యాహ్నానికి చినుకులు మొదలయ్యాయి. దేవకుమారి చీర కుచ్చెళ్ళు దోపుకుని లేచింది. జక్రయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఇయ్యాళ కల్లంలోకి దిగావంటే ఈ ఇంట్లోకి రాబాకు."

"రానులే! దేవుడికి నేను చెప్పుకుంటా. నీ అన్నకి మాత్రం నువ్వే చెప్పుకో" అంటూ అతని చెయ్యి తోసేసి వెళ్ళిపోయింది. తల్లి కూడా కర్ర పట్టుకుని ఆమె వెనకే నడిచింది.

వాన రెండు గంటలు దంచికొట్టింది. తగ్గాక జక్రయ్య సాయంత్రం ప్రార్థనకి వెళ్ళాడు. పన్నెండు కుటుంబాలకీ పెద్దదిక్కు పేరయ్య మాస్టారు. రిటైరైన పంతులు. ఆయన దగ్గర కూర్చుని పెళ్ళాం మీద ఫిర్యాదు చెప్పాడు. గ్లాసు సంగతి కూడా గర్వంగానే చెప్పాడు.

పేరయ్య కళ్ళజోడు తీశాడు. "నువ్వు పనికి పోనందుకు నిన్ను తప్పుపట్టను. అది మనం ఒప్పుకున్న నియమం. దేవకుమారి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ గ్లాసు మాత్రం నీకెవరు నేర్పారు?"

"పంది తినేవాళ్ళు కదండీ..."

"దేవుడు నిన్ను పంది తినొద్దన్నాడు. అన్న నోరు అంటరానిదని అన్నాడా? ఏర్పరచుకోవడమంటే ఏమనుకున్నావయ్యా, పీటేసి పైన కూర్చోబెట్టడమా? మెడమీద కాడి పెట్టడం! మిగతావాళ్ళకి లేని బరువు మనకి పెట్టాడు. మనం గొప్పవాళ్ళమని కాదు. దాసులుగా పడిన బాధ తెలిసినవాళ్ళం గనక, ఇంకొకడికి ఆ బాధ పెట్టకుండా బతికి చూపించమని. నువ్వేమో మనల్ని తొక్కినవాళ్ళ బుద్ధి తెచ్చి దేవుడి ఖాతాలో వేస్తున్నావు."

అందరూ వింటున్నారు. జక్రయ్య తల ఎత్తలేకపోయాడు. ఇంటికి వస్తే ఇల్లు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళిద్దరూ అన్న ఇంట్లోనే ఉండిపోయారు.

ఆదివారం తెల్లవారగానే కల్లానికి వెళ్ళాడు. సగం కాయ తడిసి నల్లబడుతోంది. మరియదాసు చర్చికి వెళ్ళకుండా ఒక్కడే తడిసినదాన్ని ఎండలో పలచగా పరుస్తున్నాడు. తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. జక్రయ్య కింద కూర్చుని తెల్లబారి పనికిరాని తాలుకాయలు ఏరి పక్కన పోయసాగాడు. ఇద్దరి మధ్యా నాలుగు బారల దూరం. చేతులు మండాయి, కళ్ళు మండాయి. మధ్యాహ్నానికి తాలు మోకాలెత్తు కుప్పయింది.

"అన్నయ్యా, తప్పయిపోయింది" అన్నాడు జక్రయ్య చివరికి.

"కాయ పొయ్యిందని కాదురా నా ఏడుపు" అన్నాడు మరియదాసు. "నువ్వు రాకపోతే రాకపోయావు. నన్ను అట్టా చూశావేందిరా..." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే వదిన నాగరత్నం నెత్తిన కుండ పెట్టుకుని వచ్చింది. వెనక దేవకుమారి, సువార్తమ్మ. వదిన కుండ దించి, జక్రయ్య ముందు అరిటాకు పరిచి, కోపంగానే అన్నం, గోంగూర వడ్డించింది.

జక్రయ్య చెయ్యి కడుక్కుని తటపటాయించాడు.

"తిను మరిదీ" అంది ఆమె. "పొద్దున్నే సంతలో కొత్తకుండ కొనుక్కొచ్చా. దేవకుమారినడిగి, ఆమె చెప్పినట్టే వండా. మా ఇంటి గరిటె కూడా తగల్లేదు."

జక్రయ్య కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తాను పాటిస్తున్నాననుకున్న నియమాన్ని తనకోసం వీళ్ళు పాటించారు. కన్నీళ్ళు అన్నంలో పడుతుంటే అన్న వైపు జరిగి, ఆకు ఇద్దరికీ మధ్యకి లాగాడు.

"దా అన్నయ్యా."

మరియదాసు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత కారం చేతులు కడుక్కుని వచ్చి, తమ్ముడి పక్కన కూలబడి అదే ఆకులో చెయ్యి పెట్టాడు.