ఏదో ఒక కీ నొక్కండి

గ్వాంగ్‌హువా కంప్యూటర్ బజారు మూడో అంతస్తుకి ఆ మధ్యాహ్నం యున్‌చింగ్ రెయిన్‌కోటుతోనే వచ్చింది. కాకపోతే అది ఆమె ఒంటి మీద లేదు. చంకలో ఉన్న కంప్యూటర్ డబ్బాకి తొడిగి, టోపీ కూడా పెట్టి ముడి వేసింది. తను మాత్రం తడిసి ముద్దయింది. తైపేలో మే నెల వానంటే మాటలు కాదు.

పాడైన హార్డ్‌డిస్కులు బాగుచేసే కొట్లో ఉన్న కుర్రాడి పేరు బోలిన్. ఆమె వంకా డబ్బా వంకా మార్చి మార్చి చూశాడు.

“ఇద్దర్లో పేషెంటు ఎవరండీ?”

ఇంకో రోజైతే నవ్వేదే. తను పెళ్లి ఫోటోల స్టూడియోలో ఆల్బమ్‌లు చేస్తానని, ఆదివారం ఒకమ్మాయి పెళ్లని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పెళ్లికి ముందుగానే, జనవరిలో కొండ మీద మంచు పడుతుంటే తీసిన ఫోటోలవి. ఆ మంచు కోసం పెళ్లికూతురు రెండు చలికాలాలు ఆగింది. పల్చటి గౌనులో వణుకుతూనే నవ్వింది. విందు హాలు గుమ్మంలో ఆ ఫోటో నిలువెత్తున పెట్టాలి. ఈ పొద్దున ఫోల్డర్ తెరుచుకోలేదు. రెండో కాపీ రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ యున్‌చింగే వాయిదా వేసింది. మంచు మళ్లీ రమ్మంటే వస్తుందా?

“అంతకుముందు ఏమైనా తేడా కనిపించిందా?”

“లేదండీ. ఉన్నట్టుండి ఇలా అయింది.”

పచ్చి అబద్ధం. నెల రోజులుగా కంప్యూటర్ వేసినప్పుడల్లా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తూనే ఉన్నాయి. డిస్కులో లోపాలున్నాయి, పరీక్షిస్తాను, వద్దనుకుంటే పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కండి అని. పరీక్ష మొదలైతే పూట గడిచిపోతుంది. ఎదురుగా కస్టమర్లు. అందుకని ఒక చేతిలో సోయాపాలు, ఇంకో చేతిలో గుడ్డు రొట్టె పట్టుకుని, మోచేత్తో కీ నొక్కడం నేర్చేసుకుంది.

బోలిన్ వైర్లు తగిలించి స్విచ్ వేశాడు. తెర నల్లబడింది. పది, తొమ్మిది, ఎనిమిది. అలవాటు కొద్దీ యున్‌చింగ్ చెయ్యి ముందుకు వెళ్లింది. సరిగ్గా అప్పుడే అతని చెయ్యీ వెళ్లింది. ఇద్దరి వేళ్లూ ఒకే కీ మీద పడ్డాయి.

“ఉన్నట్టుండి అయిందన్నారు?” అన్నాడు బోలిన్. “ఆ వేలు చూస్తే చాలా రోజుల అనుభవం ఉన్నట్టుందే.”

“మరి మీరెందుకు నొక్కారు?”

అప్పుడు చెప్పాడు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని మూలమూలా పరీక్షించడమంటే జ్వరంతో ఉన్నవాడిని పరిగెత్తించడమే. పైగా ఆ పరీక్ష తనకు అర్థం కానివన్నీ చెత్త కింద ఊడ్చిపారేస్తుంది. ముందు ఉన్నదున్నట్టు కాపీ తీసుకోవాలి, మరమ్మతు తర్వాత. మొదటి రోజే తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని చిన్న చురక వేసి, చివర్లో మెల్లగా అన్నాడు.

“కానీ మీ బద్ధకమే ఆ ఫోటోల్ని బతికించిందండీ.”

తిట్టాడో మెచ్చుకున్నాడో ఆమెకు అంతు చిక్కలేదు. ఈలోగా అతను డబ్బా మీద అంటించి ఉన్న ఆకుపచ్చ గ్వాయ్‌గ్వాయ్ పొట్లాన్ని పట్టి పట్టి చూస్తున్నాడు. ఆ పేరుకి ‘బుద్ధిగా ఉండు’ అని అర్థం, అందుకే యంత్రాలు బుద్ధిగా ఉండాలని అక్కడ అందరూ పెట్టే కొబ్బరి చిరుతిండి అది.

“ఫిబ్రవరిలోనే గడువు దాటింది. ఇది పెట్టి బుద్ధిగా ఉండమంటే ఏం ఉంటుంది? కింద షాపులో కొత్తది తీసుకురండి. ఆకుపచ్చదే. పొరపాటున ఎర్రది తెచ్చేరు, యంత్రం ఆగి కూర్చుంటుంది. ఎర్రది పెళ్లి కుదరనివాళ్లు పెట్టుకునేది.”

కంప్యూటర్లు బాగుచేసేవాడి మాటలా ఇవి అనుకుంటూనే పరుగున వెళ్లి తెచ్చింది. తన దిండు పక్కన వాళ్లమ్మ ఏడాదిగా ఎర్ర పొట్లం పెడుతోందన్న సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

కాపీ సులువుగా సాగలేదు. డిస్కు మొరాయించేది, కంప్యూటర్ మళ్లీ మొదలయ్యేది, మళ్లీ ఆ తెల్లటి అక్షరాలు. పక్కనే కూర్చుని కీ నొక్కే మనిషి కావాలన్నాడు బోలిన్. యున్‌చింగ్ సెలవు పెట్టి మరీ కూర్చుంది. మధ్యలో అతను తెప్పించిన నూడుల్స్ తింది. అందులో కారం చాలలేదని పేచీ కూడా పెట్టుకుంది. ఫోటో చూసి ఎవరికి ఎవరంటే ఇష్టమో చెప్పగలరా అని అడిగాడతను.

“సులువే. నిజంగా ఇష్టమున్నవాళ్లు కెమెరా వైపు చూడరు. మేం గొంతు చించుకోవాలి.”

అతను చూడాల్సింది తెర వైపు. చూడటం లేదు. యున్‌చింగ్ గబగబా కీ నొక్కింది. అప్పుడు తెర మీద ఏ అక్షరాలూ లేవు.

మూడో రోజు సాయంత్రం ఫోటోలన్నీ బయటపడ్డాయి. మంచులో ముక్కు ఎర్రబడ్డ పెళ్లికూతురిని చూసి యున్‌చింగ్‌కి ఏడుపొచ్చేసింది. బోలిన్ అటు తిరిగి, చుట్టి ఉన్న వైర్లనే మళ్లీ చుట్టాడు.

అప్పుడు పక్క కొట్లో కేబుళ్లమ్మే ఆ-ఫాంగ్ పిన్ని తల ఇటు పెట్టింది.

“ఏమ్మా, మూడ్రోజులుగా చూస్తున్నా, ఆ కీ ఎందుకలా నొక్కుతున్నావు? ఒక్క లైను టైపు చేస్తే ఆ పరీక్ష ఇంక అడగనే అడగదు. మా బోలిన్ రోజూ చేసే పనేగా.”

బోలిన్ చెవులు ఎర్రబడ్డాయి.

“మీకు తెలుసా?” అంది యున్‌చింగ్.

“తెలుసు.”

“మరి?”

“చేసేస్తే మీరు ఇంటికెళ్లిపోతారు కదా.”

యున్‌చింగ్ స్టూలు మీంచి దిగ్గున లేచింది. డబ్బాకి రెయిన్‌కోటు తొడిగి, టోపీ ముడి వేసి వెళ్లిపోయింది. మెట్ల దాకా కోపంగానే నడిచింది. మెట్ల మీద నవ్వొచ్చింది.

ఆదివారం విందు హాలుకి వెళ్లింది. గుమ్మంలో నిలువెత్తు ఫోటో. మంచు కురుస్తోంది, పెళ్లికొడుకు కెమెరా వైపు చూడటం లేదు. చాలాసేపు ఆ ఫోటో ముందే నిలబడింది.

సోమవారం మూడో అంతస్తు ఎక్కింది. బోలిన్ కంగారుగా లేచి నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి ఎర్ర పొట్లం తీసి, అతని కంప్యూటర్ నెత్తిన పెట్టింది.

“అయ్యో, ఎర్రదండీ అది. యంత్రం ఆగిపోతుంది.”

“ఆగితే ఆగనీ,” అంది యున్‌చింగ్, తన పాత స్టూలు లాక్కుని కూర్చుంటూ. “పక్కన కూర్చుని కీ నొక్కడానికి నేనున్నాగా. నువ్వు మాత్రం ఆ ఒక్క లైను టైపు చెయ్యకు.”