పెరటాసి శనివారం తీసిన పటం

అన్న సుందరమూర్తి ఆనాడు నోరు మూసుకుని ఉంటే వీరరాఘవన్ కూడా నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకునేవాడే. ‘ఇద్దరం బడికి పోతే తోటకు నీళ్ళెవరు తోడతారు నాయనా?’ అని ఒక్క మాట అన్నాడు. తండ్రికి అది సబబుగా తోచింది. అన్న పలక పట్టుకుని కాలువ అవతలి బడికి పోయాడు, తమ్ముడు ఏతం దగ్గరికి పోయాడు. ఇప్పుడు అన్న దొరతనం కచేరీలో గుమాస్తా. ముదలియార్‌పేటలో సొంత ఇల్లు. తమ్ముడికి నలభై దాటినా ఆ ఇంటి వెనకవైపు ఒక గదే గతి. పళ్ళు తోముకునేటప్పుడు కూడా వీరరాఘవన్‌కు ఆ పాత మాట గుర్తొచ్చి వేపపుల్ల చేదు రెండింతలయ్యేది.

ఆ సోమవారం పొద్దున మాత్రం మనసు కాస్త తేలికగా ఉంది. తల్లి తాయారు పేరున ఊరి చివర వంద కుళుల కొబ్బరితోట ఉంది; ఆ ఊళ్ళో నేలను కుళుల్లోనే కొలుస్తారు. పెళ్ళప్పుడు ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చినది. దాన్ని ఇద్దరు కొడుకులకూ చెరిసగం రాస్తానని ఆమె మాటిచ్చింది. నోటరీ దగ్గరికి పోయేది ఈ పూటే.

“ఇదో, ఈ పొద్దన్నా ఆ పెట్టె ఎత్తుకోవద్దండీ,” అంది భార్య అమ్మాయమ్మ, ఉతికిన పంచె అందిస్తూ. “నోటరీ అయ్యను కూడా కంటికి పెట్టి చూస్తారేమో మీరు!”

“ఆయన మీసం బాగుంటుందే. పటానికి అమరుతుంది.”

“మీసం సంగతి నాకేల? తోటలో బావి పక్కన పొయ్యి పెట్టుకునే తావు చూసిపెట్టినాను. మీ వదిన కొలిచిపోసిన బియ్యం వండీ వండీ చేతులు విసిగిపోయినాయి. నా పొయ్యి, నా కుండ. సగం కాలే కట్టె అయినా సరే, నాదిగా ఉండాల.”

“నాకూ ఒక పెంకుల కొట్టం. ఉత్తరం వైపు గోడ ఉండదు, వెలుతురు రావాల.”

“గోడ లేని ఇల్లు! అదీ సరే లే. ముందర తోట రానీ.”

ఆ పెట్టె చేతికెమెరా. కుర్రతనంలో పటాలు తీసే ఒక తెల్లాయన దగ్గర మూడుకాళ్ళ కర్ర మోసి వీరరాఘవన్ ఈ పని నేర్చుకున్నాడు. పెళ్ళికి పటం తీస్తే కూలి వస్తుంది, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. ఇతనికి పట్టుకున్నది కూలి లేని పటాల పిచ్చి. మిల్లు కూత పెట్టగానే తోసుకుంటూ వచ్చే జనం, మూలకుళం దారిలో బురదలో దిగబడిన బండి, అరుగు మీద తల వంచి గొరిగించుకునే ముసలాయన: ఇవీ అతను గాజు పలకల మీద పట్టుకొచ్చేవి. “ఏం రాఘవన్నా, ఈ పూట కుక్కనా, కాకినా?” అని వీధిలోవాళ్ళు ఎకసెక్కం చేసేవాళ్ళు. వాళ్ళ వాకిళ్ళనూ వాళ్ళ నవ్వులనూ అతనంత శ్రద్ధగా ఇంకెవరూ చూడలేదని వాళ్ళకు తెలియదు.

బండి వచ్చి వాకిట్లో నిలిచింది. తాయారు తెల్లకోక కట్టుకుని నడవలో బల్ల మీద కూర్చుంది. సుందరమూర్తి కోటు తొడుక్కుని, తలపాగా పెట్టుకుని లోపలి నుంచి వచ్చాడు. బండి వైపు పోలేదు. కోటు జేబులోంచి ఒక తపాలు కార్డు తీసి తల్లి ఒడిలో పెట్టాడు.

“పోయేముందర ఇది చూడమ్మా.”

తాయారు కార్డును వెలుతురుకు తిప్పింది. “ఇది నేను గదరా! పెరటాసి శనివారం... మన వీధి పాప్పాత్తి ఇంటి ముందర. ఎవరు తీసినారు, మనోడేనా?” అని ముఖం విప్పి చిన్నకొడుకు వైపు చూసింది.

“వాడే. మంచిగా తీసినాడు. కింద తెల్లవాళ్ళ మాటలో ఏం అచ్చేసినారో చెప్పనా?”

“సామి పేరు వేసినారా?”

“బిచ్చగత్తె అని వేసినారు.”

అమ్మాయమ్మ చేతిలోని తాంబూలపు పళ్ళెం గోడకు తగిలి చప్పుడైంది.

“పాండిచ్చేరి బిచ్చగత్తె!” సుందరమూర్తి గొంతు పెరిగింది. “మొన్న శనివారం కచేరీలో నా మేజా మీద పెట్టినారు. ‘ఈ ముసలామెను యాడో చూసినట్టుంది గదయ్యా’ అని ఒకడు. ‘సుందరమూర్తి ఇంట్లో పొయ్యి వెలగదేమో పాపం’ అని ఇంకొకడు. నవ్వినారమ్మా. నేనూ నవ్వినాను, ఏం చేసేది?”

తాయారు పోయిన ఏటి పెరటాసి నెలలో మొక్కు తీర్చుకుంది. పటాలు కడిగే చీకటిగదిలో మందునీళ్ళ ఘాటుకు వీరరాఘవన్ కళ్ళు వాచి, రెప్పలు అతుక్కుపోయి, వైద్యుడు కూడా చెయ్యి వదిలేసిన రోజులవి. ‘పెరుమాళ్ళా, వాడి కళ్ళు తెరిపించు, ఈ నెల శనివారాలన్నీ నీ పేరున వీధి వీధీ బిచ్చమెత్తుతాను’ అని మొక్కింది. పాండిచ్చేరి తెలుగువాళ్ళల్లో గాదెలు నిండినవాళ్ళు కూడా పెరటాసి శనివారాల్లో అట్లా ఎత్తుతారు. తడిబట్టతో, వట్టి కాళ్ళతో, నామం పెట్టిన చెంబు పట్టుకుని ‘గోవిందా’ అంటూ వాకిలి వాకిలికీ పోతారు. ఆ బియ్యమే వండి సామికి పెడతారు. ఆ పూట చెయ్యి చాచినవాళ్ళ కాళ్ళకు బియ్యం పోసేవాళ్ళే మొక్కుతారు. ఆమె మొక్కుకున్న ఆఖరి శనివారానికి వీరరాఘవన్ కళ్ళు తెరిచాడు. తెరవగానే పెట్టె ఎత్తుకుని వీధిలోకి పోయాడు.

“అన్నా, నేను కార్డుల అంగడి రాజరత్నానికి చెప్పినాను,” అన్నాడతను. “ఇది మా అమ్మ, ఇది మొక్కు అని గట్టిగా చెప్పినాను. వాడు ఏం రాయించినాడో నాకేం తెలుసు? నాకు చదువు చెప్పించినారా మీరు?”

“చదువు లేనివాడు తల్లిని అంగడిలో పెట్టి అమ్ముతాడా?”

“అమ్మలేదు!”

“ఊరికే ఇచ్చినావా మరి?”

వీరరాఘవన్ తల దించుకున్నాడు. “ఒక పెట్టె పలకలు ఇచ్చినాడు. కొత్తవి.”

“గాజుకా?” అంది తాయారు మెల్లగా. “నన్నిచ్చి గాజు తెచ్చుకున్నావా నాయనా?”

“అట్లా అనొద్దు అత్తా,” అని అమ్మాయమ్మ ముందుకొచ్చింది. “ఆయనకు వీధి పిచ్చి తప్ప ఇంకేం తెలియదు. బావా, ఇది మీరు శనివారమే చెప్పొచ్చు గదా? తోట రాసే పూటే తీయాలా?”

“తోట రాసే పూటే తీయాల,” అన్నాడు సుందరమూర్తి. “అమ్మకు తెలియొద్దా, ఎవరి చేతికి ఇస్తా ఉందో? ఈ పొద్దు అమ్మ పటం, రేపు తోట. మళ్ళా ఒక పెట్టె గాజుకు.”

వీరరాఘవన్ ఆ కార్డు లాక్కున్నాడు. “బండి నిలబెట్టండి. వాడికిచ్చిన ఆ పటం పలక తెచ్చి మీ ముందరే పగలగొడతాను. కార్డులన్నీ తగలబెడతాను. అంతవరకు అమ్మను కదిలించొద్దు.” చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

రాజరత్నం ఒక తెల్ల వర్తకుడి దగ్గర పనిచేస్తాడు. కాలువ ఒడ్డున అంగడిలో కూర్చుని, ఓడ దిగినవాళ్ళకు కార్డులు అమ్ముతాడు. వీరరాఘవన్‌ను చూడగానే పళ్ళన్నీ బయటపెట్టాడు.

“రా అన్నా, రా! నీ ముసలామె బలేగా పోతా ఉంది. ఆ కట్ట అయిపొయ్యింది, ఈ కట్ట విప్పినాను.”

“నా అమ్మరా అది! ముసలామె ఏంది?”

“అయ్యో, తప్పే, తప్పే. కూర్చో అన్నా.”

“మొక్కు అని చెప్పినాను గదా నీకు? బిచ్చగత్తె అని ఎందుకు రాయించినావు?”

“నేనా రాయించేది? దొర రాసినాడు. ఈ కార్డు చూడు. గంపలు అల్లే మునియప్పన్. పాములవాడు అని అచ్చయినాడు. వాడికి పామంటే మూర్ఛ! గంపలవాడంటే ఎవడు కొంటాడన్నా?”

“పలక ఇచ్చెయ్.”

“యాడ నుంచి ఇచ్చేది? పలకలన్నీ ఓడెక్కినాయి. అచ్చు వేసేది వాళ్ళ ఊళ్ళో. ఈడికి వచ్చేది కట్టలు మాత్రమే. ఆడ ఎన్ని అచ్చేసినారో, ఎవరికి పంపించుకున్నారో, దేవుడికి తెలుసు.”

వీరరాఘవన్ కార్డు వాడి ముఖం మీద ఊపాడు. “మొక్కు అని నువ్వు ఒక్క మాట దొరతో చెప్పి ఉంటే...”

“చెప్పినానన్నా.” రాజరత్నం నవ్వు తగ్గింది. “బిడ్డల మీద ఒట్టు, చెప్పినాను. ఈమె ఉన్నవాళ్ళ ఇంటి తల్లి, ఇది సామి బిచ్చం అన్నాను. ‘పటంలో సామి యాడున్నాడు, చూపించు’ అన్నాడు. నేనూ వెతికినాను. యాడున్నాడు, నువ్వే చూపించు.”

వీరరాఘవన్ అంగడి మెట్టు మీదే నిలబడి కార్డు వైపు చూశాడు. ఇంతసేపూ కోపంతో దాన్ని పట్టుకున్నాడే గాని చూడలేదు.

ఒంటరి ముసలామె. ఒంటికి అతుక్కుని నీళ్ళు కారే బట్ట, పటంలో చింకిపాతలా ఉంది. చాచిన చెయ్యి. వెనక పెచ్చులూడిన గోడ. అంతే.

ఆ పొద్దు వీధి నిండా జనం. ముందర తంబురా పట్టుకున్నాయన, వెనక పిల్లల కేకలు, వాకిట్లో చేటతో బియ్యం పట్టుకుని పాప్పాత్తి, ఆమె వేసిన ముగ్గు. ఇవన్నీ అడ్డమని అతనికి తోచింది. గుంపు దాటిపోయేదాకా కాచుకున్నాడు. పాప్పాత్తి చెయ్యి కనపడకుండా రెండడుగులు పక్కకు జరిగాడు. ముగ్గు తప్పించాడు. ఆ గోడ నచ్చి, అదొక్కటే వెనక ఉండేటట్టు మోకాళ్ళ మీద వంగాడు. చెంబు మీది నామం అవతలి వైపుంటే, తిప్పి పట్టుకోమని ఒక్క మాట అనలేదు. వెలుతురు పోతుందని తొందర. పటం బాగా రావాలని ఒకటొకటే తీసేశాడు. తీసేయగా మిగిలింది బిచ్చగత్తె. దొర దానికి పేరు మాత్రం పెట్టాడు.

రాజరత్నం ఏదో అంటూనే ఉన్నాడు, కాఫీ తెప్పిస్తానని కాబోలు. వీరరాఘవన్‌కు వినపడలేదు. వచ్చిన దారినే తిరిగి నడిచాడు. మిల్లు గోడ, సత్రం, బట్టల అంగళ్ళు దాటాడు. ఎన్నో ఏళ్ళు పెట్టె పట్టుకుని తిరిగిన వీధులు. ఆ పలకల మీద ఇంకెంతమందిని ఇట్లా ఒంటరి చేశాడో అని ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోయాడు.

ఇంటికి వచ్చేసరికి తాయారు బండిలో కూర్చుని ఉంది. అతను చక్రం పట్టుకుని నిలబడ్డాడు. పలక దొరకలేదని అతని ముఖమే చెప్పింది.

“అమ్మా, ఆ పేరు వాళ్ళు పెట్టింది కాదు. నేనే నిన్ను అట్లా చూసినాను.” మాట తెగి ఏడుపు వచ్చింది. పెద్దవాడై ఏడ్చింది అదే మొదలు.

తాయారు వంగి కొంగుతో అతని కళ్ళు తుడిచింది. చిన్నప్పుడు తుడిచినట్టే, ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. “ఏడవొద్దురా. మళ్ళా వాస్తాయి. నాకేం కోపం లేదు. ఆ పటం ఇట్లా ఇయ్యి.” అతను ఇచ్చాడు. “చూడు. చెయ్యి పాప్పాత్తి వాకిలి వైపు చాచినాను. కళ్ళు యాడున్నాయి? నీవైపు. నువ్వు కళ్ళు తెరిచి వీధిలో నిలబడి ఉంటివి. పెరుమాళ్ళు నా చెంబు నింపినాడని చూస్తా ఉన్నాను. ఆ చూపుకా వాళ్ళు బిచ్చమని పేరు పెట్టినారు?”

వీరరాఘవన్ కార్డు మీదికి వంగి ఆ కళ్ళను చూశాడు.

“అత్తా,” అంది అమ్మాయమ్మ వాకిలి పట్టుకుని, “కోపం లేదంటున్నారు గదా. మరి తోట?”

తాయారు కోడలి వైపు తిరిగింది. “నీకు అన్యాయమేనే తల్లీ. నాకు తెలుసు. కానీ వీడికి ఏది బాగుందని తోస్తే దాన్ని తీసుకుపోయి వీధిలో పెడతాడు. నన్ను పెట్టినాడు, పోనీ, నేను తల్లిని. తోట మా నాయన ఇచ్చింది. పెద్దోడు కఠినుడే. అయినా దాన్ని లోపల ఉంచుతాడు.”

“మాకు ఇంక యాడ అత్తా తావు?”

“ఈ ఇంట్లోనే ఉండండి. నేనుండేదాకా ఎవరూ పొమ్మనరు.”

అమ్మాయమ్మ పళ్ళెం తీసుకుని తోడికోడలి వంటింటి వైపు పోయింది. సుందరమూర్తి గెలిచినవాడి ముఖం కూడా పెట్టలేదు. కోటు మడత పడకుండా బండిలో చోటు చూసుకుని కూర్చున్నాడు. “నువ్వూ రారా,” అంది తాయారు చిన్నకొడుకుతో. “నీకు సమ్మతమని ఆడ చెప్పాల.”

వీరరాఘవన్ బండి వెనక నడిచాడు. నోటరీ గదిలో కాగితం చదివి వినిపించారు. సమ్మతమేనా అని అడిగితే తల ఊపాడు. తాయారు వేలిముద్ర వేసింది. తోట వంద కుళులూ సుందరమూర్తి పేరున పడ్డాయి. అందులో వీరరాఘవన్‌కు రావలసి ఉండీ చేజారినది ఉత్తరం వైపు యాభై కుళుల నేల, బావిలో సగం వంతు.