ప్రొఫెసర్ గారి కుక్కకు మాత్ర

"మీ అన్నని ఎవరో పట్టిచ్చారు," అన్నాడు చీఫ్. బ్రీఫింగ్ రూమ్ తెర మీద అన్న శవం ఫోటో. "ఆ విదేశీ ముఠా గురి ఇప్పుడు మన మిసైల్ ప్రొఫెసర్ మీద. ఆయనకి వేరుశనగ అంటే ప్రాణం తీసే అలర్జీ. కుక్కని చూసుకునే పనివాడిలా వెళ్ళు. ప్రమాదమైతే మైక్‌లో ‘గొడుగు’ అను."

"సరే సార్."

అతనికి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఆఫీసులో అతన్ని మంచుగడ్డ అనేది ఊరికే కాదు. అందులోనూ కుక్క వెంట్రుక తగిలితే దద్దుర్లు లేచే మనిషిని ఏరి కోరి కుక్క దగ్గరికే పంపారు. అలర్జీ మాత్రల మత్తులో అతనికి లోకమంతా అద్దం అవతల జరుగుతున్నట్టుంది.

కుక్కకూ చర్మం అలర్జీయే. దాన్ని చూడ్డానికి రోజూ వచ్చే వెటర్నరీ డాక్టరు సాక్షాత్తూ అతని వదిన. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, పైగా డిపార్ట్‌మెంట్ సీక్రెట్ ఏజెంటు.

"నీ మాత్ర దానికి వెయ్యకు మరిదీ. మనుషుల మందుల్లో కొన్ని కుక్క ప్రాణం మీదికి తెస్తాయి," అని మొదటిరోజే చెప్పింది. "మాత్ర నాలుక వెనక్కి తొయ్యి, నోరు మూసి గొంతు నిమురు. గుటక వేస్తే అయిపోయినట్టే. బయటైతే వేరుశనగ ముద్దలో దాచి పెట్టేస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఆ గింజ గడప తొక్కకూడదు."

వారం తర్వాత ఒక సాయంత్రం ఆవిడే ముందుగా వచ్చింది. "ఇవాళ నేనే వేసేశాలే. నువ్వు కాస్త నడుం వాల్చు."

గేటు దగ్గర కారు ఆగింది. ప్రొఫెసర్ దిగి, ఎప్పట్లాగే మోకాళ్ళ మీద కూర్చుని ముఖం ముందుకు చాపాడు. "రారా బంగారం!"

కుక్క పరుగు తీసింది. పరిగెడుతూనే నాలుకతో అంగిలి గీరుకుంటోంది. మింగేసిన మాత్రకి ఇంకా ఈ చప్పరింపేమిటి? మూసుకుపోయిన ముక్కుకి ఏ వాసనా అందలేదు. తలుపు పక్కన ప్రొఫెసర్ ఎమర్జెన్సీ ఇంజెక్షన్ వేలాడే కొక్కెం ఖాళీగా ఉంది.

"ఇంజెక్షనేది వదినా?"

"గడువు చూద్దామని తీశా," అంది ఆవిడ లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ.

"గొడుగు!"

గాల్లోకి దూకి కుక్కని వాటేసుకున్నాడు. ప్రొఫెసర్ ముఖానికి జానెడు దూరం. "దగ్గరికి రాకండి సార్! దాని మూతికి వేరుశనగ ఉంది!" నిరాశపడిన కుక్క అతని ముఖమంతా తృప్తిగా నాకేసింది.

మైక్‌లో ఆ మాట విన్న గార్డులు వచ్చి చుట్టుముట్టినా వదిన కదల్లేదు. "మీ అన్నని పట్టిచ్చింది కూడా నేనే. తిట్టవేం? కొట్టవేం?"

అతను తన లోపల వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. అదొక్కటే అతన్ని భయపెట్టింది.

"తర్వాతెప్పుడైనా తిడతాలే వదినా. చేతులు ఇలా పెట్టు."

బేడీల చప్పుడు చీఫ్ మైక్‌లో విన్నాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎలా పట్టావయ్యా?"

"కుక్క పట్టించింది సార్. నాకు ముఖం వాచింది, అంతే."