జిగురు గుంట

మా బావకి శుభ్రం పిచ్చి. చేసే పనేమో బురదలో దిగబడిన బళ్ళని బయటికి లాగడం. "పందుల్ని కాసేవాడు తెల్ల చొక్కా తొడుక్కున్నట్టుంటుంది మీ బావ వ్యవహారం" అని మా అక్క నవ్వని రోజు ఉండేది కాదు.

ఊరి చివర మా షెడ్డు. అందులో ఒక పాత జీపు, గోడకి వేలాడే టోయింగ్ బెల్టులు, ఏళ్ళ తరబడి నూనె మరకలు పేరుకుని నల్లబడిన నేల. అంతే మా ఆస్తి. ఏ బండి లాగి వచ్చినా బావ ముందు బెల్టుని సబ్బునీళ్ళలో పసిపిల్లల గుడ్డలు ఉతికినట్టు ఉతికేవాడు. నీడన ఆరేసి, కుట్టు కుట్టూ వేలితో తడిమి చూసేవాడు. ఎక్కడైనా పోగు లేచి కనబడిందా, ఇక ఆ బెల్టు ముఖం చూసేవాడు కాదు.

"చొక్కా చిరిగితే కుట్టించుకోవచ్చురా. ఇది చిరిగితే మనల్నే కుట్టాలి," అనేవాడు నాతో.

ఊరికే అన్న మాట కాదది. వెనకటికెప్పుడో ఎవరో బెల్టు చివర ఇనప కొక్కెం తగిలించి, ఆ కొక్కేన్ని బంపరుకి వేసి, లాగే బండిని ఒక్క ఊపున ఉరికించారట. బంపరు ఊడింది. కొక్కెం తూటాలా వచ్చి, పక్కన నిలబడి చోద్యం చూస్తున్న మనిషి దవడ ఎగరగొట్టింది. బావ అక్కడే ఉన్నాడు. తన చొక్కా జేబులో పడిన పన్ను గురించి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. చెప్పి, చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు. భోజనాలయ్యాక టీ పెట్టుకుందామా వద్దా అని బద్ధకిస్తుంటే ఫోన్ మోగింది. అవతల ముసలి గొంతు. పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసగా మాట్లాడుతోంది.

"జిగురు ఫ్యాక్టరీ వాచ్‌మన్ని బాబూ... వెనక గుంటలో వ్యాను దిగబడిపోయింది. మనిషి లోపలే ఉన్నాడు. తొందరగా రండి..."

"కాస్త గట్టిగా చెప్పు పెద్దాయనా."

"గట్టిగా మాట్లాడకూడదు బాబూ," అని పెట్టేశాడు.

ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. పశువుల గిట్టలూ తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి జిగురు తీసేవాళ్ళక్కడ. ఉడికాక మిగిలిన పిప్పినంతా వెనకాల పెద్ద గుంట తవ్వి అందులోకి వదిలేవాళ్ళు.

గేటు కనబడకముందే వాసన ఎదురొచ్చింది. ముందు కాలిన వెంట్రుకల కంపు. ఆ వెనక కుళ్ళిన కొవ్వు. దాని వెనక, అన్నిటికన్నా రోతగా, ఒక తియ్యదనం. అది ముక్కుకి కాదు, నాలుకకి తగులుతోంది. కిటికీ అద్దాలు ఎక్కించినా లాభం లేకపోయింది. కాసేపటికి నా ఉమ్మికే ఆ రుచి పట్టింది.

"ఇక్కడికొచ్చామని మీ అక్కకి చెప్పకు. నన్ను గడప తొక్కనివ్వదు," అన్నాడు బావ. ఆ రోజు అతను వేసిన జోకు అదొక్కటే.

వాచ్‌మన్ ముఖానికి గుడ్డ చుట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి నోటి మీద వేలు పెట్టుకుని, ఫ్యాక్టరీ వెనకవైపుకి రమ్మని సైగ చేశాడు.

గుంట చూస్తే గుంటలా లేదు. పసుపుపచ్చటి నేలలా ఉంది. చల్లారిన పాల మీద మీగడ కట్టినట్టు పైన మందంగా ఒక పొర. ఆ పొర ముడతలు పడి ఉంది. ముడతల్లోంచి అక్కడక్కడా వెంట్రుకలు మొలుచుకొచ్చినట్టు నిలబడి ఉన్నాయి. కోళ్ళ దుకాణాల చెత్త గుట్టుచప్పుడు కాకుండా పారబొయ్యడానికి వచ్చిన వ్యాను డ్రైవరు అది గట్టినేలే అనుకుని బండి పోనిచ్చాడు. ముందు చక్రాలు పూర్తిగా మునిగిపోయాయి. తలుపుల పిడుల దాకా వచ్చేసింది గుంట. వెనక భాగం మాత్రం కొంచెం పైకి లేచి ఉంది.

మేం చెక్కపలకలు పరిచి దగ్గరికి వెళ్ళాం. డ్రైవరు నడివయసు మనిషి, నలుగురు తినే ఇంటికి ఒక్కడే ఆధారం అన్నట్టుండే ముఖం. చెమటలు కారుతున్నాయి. బావ అద్దం మీద వేలితో కొడితే కాస్త దించాడు. లోపల అతని మోకాళ్ళ దాకా ఆ పచ్చటి ముద్ద నిండి ఉంది.

"కిటికీలోంచి వచ్చెయ్. పట్టుకుంటాం," అన్నాడు బావ.

"కాళ్ళు రావటం లేదన్నా..."

"ఇరుక్కున్నాయా?"

"ఇరుక్కోలేదు." అతను కిందకి చూసుకున్నాడు. "నాకుతోందన్నా... నా అరికాళ్ళు... ఏదో నాకుతోంది."

బావ నా వైపు చూశాడు. నేను గుంట వైపు చూడకుండా ఉండడానికి బావ వైపే చూస్తూ ఉండిపోయాను.

"భయంలో అలాగే అనిపిస్తుంది," అన్నాడు బావ చివరికి. "చెప్పేది విను. గేరు తీసెయ్. హ్యాండ్‌బ్రేకు వదిలెయ్. అద్దం ఎక్కించుకుని సీటు మీదకి ఒరిగి తల కిందకి పెట్టు. బెల్టు తెగిందంటే అద్దం పగులుతుంది. నేనొచ్చి చెప్పేదాకా తల ఎత్తకు."

వెనక చక్రాల చుట్టూ ముద్దని పారతో తియ్యడం మొదలుపెట్టాడు. బురదని ముందు తవ్వి తీస్తే బెల్టు మీద భారం సగం తగ్గుతుంది. కానీ అది బురదలా రావటం లేదు. సాగుతోంది. పార ఎత్తితే తీగలు తీగలుగా వేలాడి, తెగి, మళ్ళీ వెనక్కి పాకుతోంది. వెచ్చగా ఉంది. ఒక ముద్దలో పళ్ళు వచ్చాయి. పశువుల పళ్ళే, పెద్దవి, గార పట్టినవి. వాటిని అంటుకున్న చిగుళ్ళు మాత్రం ఇంకా ఎర్రగా, తడిగా ఉన్నాయి.

నేను పలక మీదే కూర్చుని వాంతి చేసుకున్నాను. అది పొర మీద పడింది. పొర నెమ్మదిగా కుంగి, దాన్ని లోపలికి తీసుకుంది.

ఛాసిస్ కింద ఉండే లాగుడు రింగు లోపలికి మునిగి ఉంది. ఇంకెవరైనా అయితే పైకి కనబడే బంపరుకే తగిలించేవాళ్ళు. బావ బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా ఆ ముద్దలోకి దించాడు. చెంప పొరకి ఆనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డోకు వచ్చినప్పుడల్లా వీపు ఎగిరెగిరి పడుతోంది. అయినా తడుముతూ రింగులోంచి షాకిల్ అనే ఇనప లంకె దూర్చి, దాని పిన్ను మర తిప్పి బిగించి, బెల్టు కొస కలిపాడు. లేచేసరికి ఆ చెంప మీద ఎర్రటి దద్దు. పిల్లలు చెయ్యి చీకితే వస్తుందే, అలాంటిది.

జీపు సిమెంటు చప్టా మీద ఉంది. రెండో కొస జీపుకి బిగించాం. బెల్టు మధ్యలో బరువైన దుప్పటి వేశాడు బావ, తెగితే ఎగిరి కొట్టకుండా. వాచ్‌మన్ని పక్కకి తీసుకెళ్ళి, బెల్టు పొడుగుకన్నా ఎక్కువ దూరంలో నిలబెట్టాడు.

"ఏం జరిగినా ఈ చోటు దాటి రాకు," అని అతనికి చెప్పి, జీపు స్టీరింగు ముందు కూర్చున్న నా దగ్గరికొచ్చాడు. "జర్కు ఇచ్చావో, చంపేస్తా. మెల్లగా. నా చెయ్యి చూస్తూ."

మెల్లగానే పోనిచ్చాను. బెల్టు లేచింది. బిగిసింది. వ్యాను కదిలింది. ఒక జానెడు... ఇంకో జానెడు.

ఆగింది.

తరవాత వెనక్కి వెళ్ళింది.

మళ్ళీ లాగాను. మళ్ళీ కాస్త వచ్చి, వెనక్కి. దిగబడిన బండి అలా వెళ్ళదు. బరువుకి జారడం నాకు తెలుసు. ఇది జారడం కాదు. గుటకలు వేస్తున్నట్టుంది.

అద్దంలో చూశాను. పసుపు రంగు బెల్టు ఆ చివరనుంచి గోధుమరంగుకి మారుతోంది. తడి పాకుతూ వస్తోంది. దుప్పటి దాకా వచ్చింది. దుప్పటి కింద ఏదో ఉబ్బింది. పిడికిలంత. మింగిన ముద్ద గొంతులోంచి జారినట్టు, బెల్టు వెంట ఇటువైపు జరుగుతోంది...

బావ చెయ్యి ఎత్తాడు. ఆపమని.

యాక్సిలేటరు వదిలేశాను. బెల్టు వదులు కాలేదు.

అలాగే బిగిసి ఉంది. బ్రేకు తొక్కే ఉంచాను. అయినా టైర్లు సిమెంటు మీద కీచుమంటూ జీపు వెనక్కి వెళ్తోంది... గుంట వైపు. వ్యాను లోపల డ్రైవరు ఏడుస్తున్నాడు. ఏడుపు కూడా కాదు, కితకితలు పెడితే వచ్చే నవ్వులా ఉంది. ఆ చప్పుడు వినలేక ఒక్క ఊపున లాగి పారేద్దామని కాలు యాక్సిలేటరు మీదకి వెళ్ళింది. బావ జేబులో పడిన పన్ను గుర్తొచ్చింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

అంతలో వాచ్‌మన్, దుప్పటి కింద ఏముందో చూద్దామనో ఏమో, బెల్టు వైపు నడిచాడు.

"దాటకు!" బావ గావుకేక పెట్టాడు. వాచ్‌మన్ ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు.

గుంట కదిలింది.

పొర మొత్తం ముడతలు పడుతూ, నిద్రలో మనిషి పక్కకి తిరిగినట్టు, బావ గొంతు వినబడ్డ వైపుకి తిరిగింది. బెల్టు ఒక్క క్షణం వదులైంది. మళ్ళీ బిగిసింది.

బావకి అర్థమైంది. నాకూ అర్థమైంది. అతను నా వైపు చూసి, చేత్తో 'మెల్లగా' అన్నట్టు సైగ చేసి, గుంట చుట్టూ తిరిగి అవతలి గట్టుకి పరిగెత్తాడు. అక్కడ నిలబడి నోటికొచ్చింది అరవడం మొదలెట్టాడు.

"రా! ఇటు రా, చీదర ముఖందానా! నా చెయ్యి రుచి చూశావుగా, రా మిగతాది తిందువుగాని! రా!"

గుంట అటు లేచింది. అలలా కాదు. పెదవిలా.

బెల్టు వదులైంది. నేను గట్టిగా తొక్కలేదు. పళ్ళు బిగించి, చిన్న గేరులో, చీమ నడిచినట్టు పోనిచ్చాను. జానెడు... మూరెడు... బావ గొంతు బొంగురుపోతోంది, అయినా అరుస్తున్నాడు... వెనక చక్రాలు గట్టెక్కాయి... తడి నోరు తెరిచినట్టు పెద్ద త్రేనుపు... వ్యాను చప్టా మీదకి వచ్చేసింది.

తలుపు తీస్తే లోపలి ముద్ద తనంతట తను కారిపోయింది. కిందనున్న రేకు తళతళ మెరుస్తోంది. రంగు లేదు, తుప్పు లేదు, రబ్బరు చాపా లేదు. డ్రైవరు కాళ్ళకి చెప్పులు లేవు. గాయమూ లేదు. అరికాళ్ళు మాత్రం పాలరాయిలా తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఒక్క పగులు లేదు.

బావ వచ్చాడు. బెల్టు కొసలు ఊడదీసి, కర్రతో దాన్ని గుంట అంచుకి తోశాడు. ఏ బెల్టునీ అలా వదిలి రాని మనిషి. అది నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. ఎవరో లాగినట్టు కాదు. పీల్చినట్టు.

ఆసుపత్రిలో డాక్టరు రసాయనాల వల్ల అలా అయ్యుంటుందని చెప్పి మందు రాసిచ్చాడు. బావకి గొంతు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా అతను ఒంటికి రాసుకున్న సబ్బుతో ఒక ఊరు ఊరంతా స్నానం చెయ్యొచ్చు.

మేం ఆ సంగతి మాట్లాడుకోవడం మానేశాక, ఒక పొద్దున్న వ్యాను డ్రైవరు షెడ్డుకి వచ్చాడు. మనిషి తేరుకున్నాడు. బుగ్గలు వచ్చాయి. కాళ్ళకి మాత్రం ఏమీ లేదు.

"చెప్పులేవయ్యా?" అన్నాడు బావ.

"వేసుకోలేనన్నా. అరికాళ్ళకి ఊపిరాడదు."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. డ్రైవరు కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలో నిలబడ్డ చోటే నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రోజు అవతలి గట్టు మీదనుంచి ఏదో అరిచారు కదా... ఏమని అరిచారు?"

"ఏదో నోటికొచ్చింది. గుర్తులేదు."

"దానికి గుర్తుందన్నా," అన్నాడు. చాలా మర్యాదగా, ఎవరి కబురో మోసుకొచ్చినవాడిలా అన్నాడు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను నిలబడ్డ చోట, నల్లటి నేల మీద, రెండు పాదాల మేర సిమెంటు కొత్తగా పోసినట్టు తెల్లగా ఉంది. జిడ్డు లేదు, మరక లేదు. బావ వాటిమీద గోనెసంచి కప్పి, షెడ్డు మూసి, తాళం తనే వేశాడు.

మర్నాడు తాళం తీసింది కూడా అతనే. గోనెసంచి వేసినచోటే ఉంది. దాన్ని దాటి, లోపలి వైపు, బావ కూర్చునే కుర్చీకి ఎదురుగా, మూడో పాదం గుర్తు ఉంది.

నేను వంగి చూశాను. దాని అంచు ఇంకా తడిగా ఉంది.