తెక్లా చెప్పిన థాంక్స్

తెక్లా గొంతును పాడుచేసింది ఆమె గురువు డ్రెక్స్లర్. మా థియేటర్లో మిగతావాళ్ళు వేరే కారణం చెబుతారు. అది మూఢనమ్మకం.

నా పేరు యోస్ట్. పాటల నాటకాలు, అంటే ఒపెరాలు ఆడే ఆ థియేటర్లో వడ్రంగిని. మా ఊరి బడిలో ఎనిమిదేళ్ళు చదివాను. సంగీతం రాదు. కర్ర సంగతి తెలుసు.

మొదటిసారి చూసినప్పుడు తెక్లాను మగపిల్లాడనుకున్నాను. నీలం కోటు, బిగుతు ప్యాంటు, టోపీ. స్టేజి మీద తిరుగుతూ ఈల వేస్తోంది.

"ఒరేయ్! ఈల ఆపు!"

"ఎందుకూ?"

"పైన తాళ్ళు పట్టుకున్నవాళ్ళకి ఈలే సైగ. తెర దించేస్తారు. నెత్తి పగులుతుంది."

టోపీ తీసింది. జడ జారి నడుము మీద పడింది.

"ఒరేయ్ అన్నందుకు సారీ చెప్పండి, వడ్రంగి గారూ."

"ఆడపిల్లకి ఆ వేషమేంటి?"

"నేను మెజ్జోని. పై గొంతు సోప్రానోలకి ప్రియుడు దొరుకుతాడు. మా కింది గొంతుకి మగవేషం, ప్యాంటు దొరుకుతాయి."

నాకు నవ్వు ఆగలేదు. సారీ మాత్రం చెప్పలేదు.

సంగీత కళాశాలలో ఆమెది ఆఖరి ఏడు. మా దగ్గర చిన్న వేషాలు వేసేది. కళాశాలలో సాధన గదులు ఎప్పుడూ ఖాళీ ఉండవు. అందుకని నా వర్క్‌షాపుకి వచ్చి పాడేది. వాన పడితే పైకప్పు రేకుల చప్పుడుతో పోటీ పడేది.

ఆమె కింది స్వరంలో పాడితే గోడకి ఆనించిన పలకలు సన్నగా మోగేవి. నేను వాటి మీద అరచెయ్యి పెట్టేవాణ్ణి.

"ఏం చేస్తున్నావ్?"

"నీ పాట వింటున్నా."

"చెవులు లేవా?"

"చెవులు మోసపోతాయి. చెయ్యి మోసపోదు."

నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. పాట ఆగింది. చెయ్యి తియ్యలేదు. వాన కూడా ఆగిపోయింది. అప్పటికీ తియ్యలేదు.

ఆ వసంతంలో తెక్లాకి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఉత్తరాన, సముద్రం పక్కనున్న కీల్ ఊరి థియేటర్ నుంచి. మెజ్జో ఉద్యోగం. రెండోది మా థియేటర్ నుంచి. సోప్రానో ఉద్యోగం, నాయిక వేషాలు.

డ్రెక్స్లర్ ఆరు నెలలుగా ఒకటే మాట. "నువ్వు మెజ్జోవి కాదమ్మా. బద్ధకించిన సోప్రానోవి. పైకెక్కు."

ఒక మధ్యాహ్నం తెక్లా వర్క్‌షాపుకి వచ్చి పై స్వరంలో పాట పాడింది. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. నారకి అడ్డంగా ఉలి తోసినప్పుడు కర్ర ఎలా మూలుగుతుందో నాకు తెలుసు. నా చేతి కింద పలక కదల్లేదు.

"టీచర్ గారు బాగుందంటున్నారు. నాకేమో గొంతులో ఇసుక పోసినట్టుంది. నువ్వు చెప్పు యోస్ట్. నీ చెయ్యేమంటోంది?"

తను కీల్ వెళ్ళిపోతే? అక్కడికి రైల్లో ఒక రోజంతా పడుతుంది.

"బాగుంది," అన్నాను.

"నిజంగా?"

"పలక మోగింది."

"వడ్రంగి గారు చెప్పాక ఇంకేముంది!" అని కీల్ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసింది. రంపపు పొట్టు అంటిన నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

సోప్రానోగా తెక్లా మొదటి ప్రదర్శన రోజు. మా దగ్గర స్టేజి ఎక్కేవాళ్ళ ఎడమ భుజం మీదుగా మూడుసార్లు తూతూతూ అంటాం. శుభం జరగాలని. దానికి వాళ్ళు థాంక్స్ చెప్పకూడదు. చెబితే ఆ శుభం చెడుతుంది. నేను తూతూతూ అన్నాను. తెక్లా నా మెడ చుట్టూ చేతులు వేసింది.

"థాంక్స్, యోస్ట్."

విగ్గులు దువ్వే ముసలావిడ చేతిలోంచి దువ్వెన జారింది. "అయ్యో పిల్లా, ఎంత మాట జారావే!"

మూడో అంకంలో తెక్లా గొంతు చీలింది. ఆ తర్వాత రెండేళ్ళు పాడుతూనే ఉంది. చీలుతూనే ఉంది. చివరికి డాక్టరు పాడొద్దన్నాడు. పై స్వరం పోయింది. కింది స్వరమూ తిరిగి రాలేదు.

నన్ను పెళ్ళి చేసుకుంది. చర్చి బయట వాళ్ళమ్మ మా ఇద్దరి తలల మీద చేతులు పెట్టింది. "పాట పోతే పోయింది. అబద్ధమాడని మొగుడు దొరికాడు," అంది.

నేను నా బూట్ల వైపు చూశాను.

ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఒక్కోసారి నవ్వేది. "ఆ రోజు నోరు జారి థాంక్స్ చెప్పకుండా ఉంటేనా, ఇప్పుడు ఈ పని నువ్వు చేసేవాడివి."

"ఇటివ్వు," అని కత్తి తీసుకునేవాణ్ణి. మిగిలిన దుంపలు నేనే చెక్కేవాణ్ణి.

మార్చిలో పోయింది. తప్పు తనదేననుకుంటూ పోయింది.

డ్రెక్స్లర్‌ని నేను క్షమించలేదు. కానీ తెక్లా అడిగింది డ్రెక్స్లర్‌ని కాదు. నన్ను.

చెప్పాను. ఇక దీని గురించి ఎవరూ నన్ను అడగొద్దు. మళ్ళీ నోరు విప్పను.